జారుడు పొడి

కొత్తకోట దాటి పెబ్బేరు వైపు వెళ్తుంటే హైవే పక్కన ఒక నల్ల పైపుల కంపెనీ ఉంది. అందులో హాజిరాకు పన్నెండేళ్ల సర్వీసు. మొదట పైపులు కట్టలు కట్టే షెడ్డులో చేరింది. తర్వాత టెస్టింగ్ గదికి మారింది. చివరికి రెండో లైను మెషిన్ ఆమె చేతికే వచ్చింది. చదివింది పదో తరగతే. కానీ మెషిన్ మోత కాస్త మారితే చాలు, మీటరు వైపు తల తిప్పకుండానే లోపల కరిగిన ప్లాస్టిక్ చిక్కబడిందో పలచబడిందో చెప్పేసేది. అదేదో గొప్ప విద్య అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ మోత మధ్యే ఏళ్ల తరబడి నిలబడిన మిగతావాళ్లకు అది వినిపించకపోవడమే ఆమెకు వింత. ఒక్కోసారి రోత.

పెద్ద సేటు పోయాక ఆయన కుర్చీలో కొడుకు విజయ్ కూర్చున్నాడు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ చదివినవాడు. నెల తిరగకముందే కంపెనీలో ఖాళీ గోడ లేకుండా నినాదాలు అంటించాడు. కూలీలందరినీ నిలబెట్టి మీలో ప్రతి ఒక్కరూ ఒక లీడరే అని చెప్పాడు. ఆ లీడర్లలో ఒక్కడి పేరైనా ఆయనకు తెలియదు. ‘నాణ్యతే మా ప్రాణం’ అన్న బోర్డు కింద నిలబడే, ప్లాస్టిక్‌లో కలిపే సుద్దను వందకు మూడు పాళ్ల నుంచి పద్దెనిమిదికి పెంచమన్నాడు. కరిగించే ప్లాస్టిక్ గింజలు కూడా వేరే రకం, గట్టివి తెప్పించాడు. ఆ పైన మెషిన్ స్పీడు పెంచమన్నాడు. ఈ మూడూ ఒకే వారంలో జరిగాయి.

పైపు తయారీలో దాచిపెట్టిన రహస్యం ఏమీ లేదు. పైన గింజలు పోస్తారు. లోపల పొడవాటి స్క్రూ తిరుగుతూ వాటిని ముందుకు తోస్తుంది. వేడికి అవి కరిగి ముద్దవుతాయి. ఆ ముద్ద చివరన ఉన్న గుండ్రటి మూతి గుండా బయటికి వచ్చి, నీళ్ల తొట్టిలో గట్టిపడి పైపవుతుంది. ముద్ద ఎంత చిక్కనైతే మూతి దగ్గర అంత ఒత్తిడి. మరీ తొందరపెట్టి తోస్తే మూతి అంచును పట్టుకుని చిరుగుతూ వస్తుంది. రెండో లైనులో అదే జరిగింది. నున్నగా రావలసిన పైపు ఉడుము వీపులా గరగరగా వచ్చింది. ఒత్తిడి మీటరు ముల్లు ఎర్ర గీత మీద వణుకుతూ కూర్చుంది.

హాజిరా ఆఫీసు గదికి వెళ్లి, ఉన్న సంగతి చెప్పింది.

“గటకల పిండి ఎక్కువైతే తెడ్డు తిరుగుతదా సేటు? సుద్ద తగ్గియ్యాలె. లేకుంటే స్పీడు తగ్గియ్యాలె.”

విజయ్ లాప్‌టాప్ మీంచి కళ్లెత్తలేదు. జొన్న గటకతో పోల్చినందుకు చిన్నగా నవ్వాడు. ఇది వంటిల్లు కాదని, ఇలాంటివాటికి సైన్స్ ఉంటుందని, రేపు ఒక ఎక్స్‌పర్ట్ వస్తున్నాడని చెప్పాడు.

ఆ ఎక్స్‌పర్ట్ పేరు శ్రవణ్ కుమార్. హైదరాబాద్ నుంచి తెల్ల కారులో, తెల్ల బూట్లతో వచ్చాడు. పైపుల కంపెనీకి తెల్ల బూట్లు వేసుకొచ్చిన మనిషి మెషిన్ దగ్గరికి వెళ్లడని హాజిరాకు చూడగానే అర్థమైంది. అతను ఆమెను చూసి టీ తెమ్మన్నాడు. ఆమె తెచ్చి ముందు పెట్టి, వెళ్లి మెషిన్ దగ్గర నిలబడింది. కాసేపటికి ఆపరేటర్ ఎక్కడ అని అతనే నాలుగు దిక్కులూ వెతికాడు. టీ తెచ్చిన మనిషే ఆపరేటర్ అని ఎవరో చెప్పారు. కనీసం సిగ్గుపడడానికైనా అతను ఆగలేదు.

గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. మీ ప్లాస్టిక్‌కు బీపీ ఉంది, నేను టాబ్లెట్ ఇస్తాను అన్నాడు. ఆ మాటకు విజయ్ ఒక్కడే నవ్వాడు. ఆ తర్వాత కారు డిక్కీలోంచి ఒక సంచి దించారు. అందులో మైనపు పొలుసుల్లాంటి తెల్ల పొడి ఉంది. గింజలకూ ఇనుముకూ మధ్య జారుడు పెంచుతుందట. ఎంత కలపాలని హాజిరా అడిగింది. వందకు మూడు పాళ్లు, కావాలంటే నాలుగు, ఎక్కువైతే నష్టమేమీ లేదు అన్నాడు. ఎక్కువైతే నష్టం లేని వస్తువును హాజిరా ఆ కంపెనీలోనే కాదు, తన ఇంట్లో కూడా ఇంతవరకు చూడలేదు.

పొడి కలిపిన పావుగంటకే ముల్లు దిగింది. మోటారు సులువుగా తిరిగింది. పైపు నిగనిగలాడుతూ వచ్చింది. విజయ్ ఆ మెరిసే పైపును చంటిపిల్లలా చేతుల్లో పట్టుకుని ఫొటో దిగాడు. పక్కన శ్రవణ్ కుమార్ రెండు వేళ్లు పైకెత్తి నిలబడ్డాడు. టీ తాగే వేళకల్లా ఆ ఫొటో అందరి ఫోన్లలోకి చేరింది. జారుడు పొడి అన్న పేరు మాత్రం కూలీలు పెట్టారు. సంచి మీద వేరే ఏదో పొడవాటి పేరు ఉంది కానీ, దాన్ని పలకవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

తొట్టి దాటి వచ్చిన పైపును హాజిరా బొటనవేలితో రుద్ది చూసింది. వేలికి జిడ్డు అంటింది. ఆమె పది నిమిషాలకొక మీటరు ముక్క కోసి తూచింది. మొదటిది వెయ్యీ నలభై గ్రాములు. రెండోది వెయ్యీ నూట ఇరవై. మూడోది తొమ్మిది వందల ఎనభై. ఒకే పైపు ఒకచోట బలిసి, ఒకచోట బక్కచిక్కి వస్తోందన్నమాట. ఎందుకో ఆమెకు తెలుసు. స్క్రూ తోయాలంటే గింజలు ఇనుప గోడను కాస్తైనా పట్టుకోవాలి. జారుడు మితిమీరితే, సబ్బు చేతులతో తాడు లాగినట్టు, స్క్రూ తిరుగుతుంది కానీ గింజ కదలదు. కాసేపు కదలక, కాసేపు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

అసలు సంగతి అతుకు దగ్గర బయటపడింది. పొలాల్లో ఈ పైపులను వేడి ప్లేటు మీద కాల్చి, కొసకు కొస ఒత్తి అతుకుతారు. హాజిరా రెండు ముక్కలు అలాగే అతికి, చల్లారనిచ్చి, వంచింది. అతుకు బిస్కెట్ విరిగినట్టు టక్కున విరిగింది. విరిగినచోట సాగిన గుర్తయినా లేదు. ఆ రెండు ముక్కలూ తీసుకుని ఆఫీసు గదికి వెళ్లింది.

శ్రవణ్ కుమార్ వాటిని చేత్తో ముట్టకుండానే ప్లేటు మురికిగా ఉండి ఉంటుందన్నాడు. ఆమె ప్లేటు తుడిచి, వాళ్లను టెస్టింగ్ గదికి పిలిచి, వాళ్ల కళ్లముందే మళ్లీ అతికింది. మళ్లీ విరిగింది. గదిలోకి గాలి వస్తోందన్నాడు. కిటికీ మూసి అతికింది. విరిగింది. కొత్తకోటలో వోల్టేజీ సరిగా ఉండదన్నాడు. నాలుగోసారికి ఫోన్ మోగినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. మోగని ఫోన్‌లో అతను అంత మర్యాదగా మాట్లాడడం కిటికీలోంచి హాజిరా చూసింది.

విజయ్ టెస్టు రిజిస్టర్ ఆమె ముందుకు తోశాడు. పైపు బాగానే ఉంది, పాస్ అని రాయమన్నాడు.

“నేను రాయను సేటు. ఫెయిల్ అని రాయమంటె ఇప్పుడే రాస్త.”

“నువ్వు రాయకపోతే కంపెనీ ఆగదు హాజిరాబీ.”

“ఆగదు. ఆగాలని నేను గూడ అంటలేను. నా చెయ్యితోని రాయనంటున్న.”

విజయ్ పెన్ను తీసి తనే పాస్ అని రాసి, ఆ పేజీ సగం నిండేట్టు సంతకం పెట్టాడు. మర్నాటి నుంచి హాజిరాను మళ్లీ కట్టలు కట్టే షెడ్డుకు మార్చాడు. పన్నెండేళ్ల కిందట ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే. కారణం అడిగితే టీమ్ స్పిరిట్ లేదని చెప్పాడట.

ఇంట్లో ఆమె భర్త షరీఫ్, హైవే మీద లారీల టైర్ల కొట్టు నడిపేవాడు, జర నోరు తగ్గించుకొమ్మని సలహా ఇచ్చాడు. ఆమె పనికి పోతూనే ఉంది. షెడ్డులో రోజూ ఆ మెరిసే పైపులనే లెక్కపెట్టి కట్టలు కట్టింది. చెడ్డవని తెలిసీ కట్టింది. విజయ్ మీద, తెల్ల బూట్ల మీద ఎంత అసహ్యం ఉందో, తాడు ముడులు బిగిస్తున్న తన చేతుల మీద కూడా అంతే ఉండేది. కంపెనీ తరఫున పొలాలకు వెళ్లి అతుకులు వేసే ఈరన్నను ఒకరోజు పక్కకు పిలిచి చెప్పింది, ఇవి పట్టవు అని. పదేళ్లుగా అదే పని చేస్తున్న ఈరన్న తల గోక్కున్నాడు. ఇంకొంచెం ఎక్కువసేపు కాల్చి ఒత్తి చూస్తానక్కా, పొమ్మన్నచోటికి పోకుంటే ఎట్ల అన్నాడు. అతన్ని తిట్టే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

ఆ కట్టల్లో వంద పైపులు పాన్‌గల్ వెళ్లాయి. కురుమయ్య అనే రైతు బోరు దగ్గర నుంచి అవతలి గట్టు దాకా పైపు కోసం కాలువ తవ్వించి పెట్టుకున్నాడు. అక్కడ అతని పల్లి చేను కాయ ఊరే దశలో తడికోసం చూస్తోంది. ఈరన్న రెండు రోజులు కూర్చుని అతుకులు వేశాడు. మూడో రోజు పొద్దున మోటారు వేశారు. మొదట బోరుకు దగ్గర్లో ఒక అతుకు విడిపోయింది. దాన్ని సరిచేసేలోపు ఇంకోటి, అవతల మరోటి. మధ్యాహ్నానికి పద్నాలుగు. కురుమయ్య చేనుకు చుక్క చేరలేదు. పక్కనే బాలనాగమ్మ అనే ఆమె పీకి కుప్ప వేసుకున్న పల్లి మాత్రం మోకాటి లోతు నీళ్లలో నానిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఒక ట్రాక్టర్ కంపెనీ గేటు ముందు ఆగింది. అందులో విరిగిన పైపులు, కురుమయ్య, బాలనాగమ్మ, ఊరివాళ్లు ఇంకో ఏడెనిమిది మంది ఉన్నారు. విజయ్ బయటికి వచ్చి, చేతులు కట్టుకుని, కంపెనీ పైపు అన్ని పరీక్షలూ దాటి వచ్చిందని చెప్పాడు. తప్పు అతుకు వేసినవాడిదని, ఈరన్న మీద చర్య తీసుకుంటామని అన్నాడు. ఈరన్న గేటు పక్కనే ఉన్నాడు. అతను నేల చూశాడు.

హాజిరా షెడ్డులోంచి ఇదంతా వింది. చేతిలో ఉన్న తాడు కింద పడేసి టెస్టింగ్ గదికి వెళ్లింది. వేడి ప్లేటు, పెద్ద సేటు కాలం నాటి పాత పైపు ముక్కలు రెండు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ గది ప్లగ్గులో తీగ పెట్టింది. ఏం చేస్తున్నావని విజయ్ అడిగాడు. ఆమె అతని వైపు చూడలేదు.

“కురుమయ్యన్నా, నువ్వే పట్టు. ఈరన్న వద్దు, నేను గూడ వద్దు. నేను చెప్పినప్పుడు ఒత్తు.”

కురుమయ్య అనుమానంగానే ముందుకు వచ్చాడు. ప్లేటు వేడెక్కాక మొదట పాత ముక్కలు కాల్చి, ఆమె ఊ అన్నప్పుడు కొసకు కొస ఒత్తిపట్టాడు. అది చల్లారేదాకా అలాగే పట్టుకున్నాడు. హైవే మీద లారీలు పోతున్నాయి. ఆ తర్వాత అతను దాన్ని మోకాలి మీద పెట్టి వంచాడు. వంగింది కానీ విడిపోలేదు. ట్రాక్టర్‌లోంచి దిగిన ఇంకో మనిషి కూడా ప్రయత్నించాడు. విడిపోలేదు. అప్పుడు కొత్త పైపు ముక్కలు అవే చేతులతో, అదే ప్లేటు మీద కాల్చి అతికారు. చల్లారింది. కురుమయ్య వంచీ వంచకముందే రెండు ముక్కలై చేతుల్లోకి వచ్చింది.

“చెయ్యి అదే, ప్లేటు అదే,” అంది హాజిరా. “ఈరన్న యాడ తప్పు చేసిండో చెప్పుండ్రి సేటు.”

విజయ్ తడబడుతూనే, టెస్టు పాసైన సరుకు అని మళ్లీ మొదలుపెట్టాడు. రిజిస్టర్ తెప్పించమని ఆమె అడిగింది. ఈరన్నే పరుగున వెళ్లి తెచ్చాడు. పాస్ అని రాసిందెవరని బాలనాగమ్మ అడిగితే, ఆమెకు చదువు రాదు కాబట్టి హాజిరా పేజీ తెరిచి, పైనున్న తేదీ, కిందున్న పేరు చదివి వినిపించింది. గొంతు పెంచలేదు. అంత పెద్ద సంతకాన్ని చూపించడానికి వేలు పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

విజయ్ అప్పుడు చేసిన పని ఒకటే, శ్రవణ్ కుమార్‌కు ఫోన్ చేయడం. తొందరలో స్పీకర్ ఆన్ అయింది. అవతలి గొంతు గేటు దగ్గరున్న అందరికీ స్పష్టంగా వినిపించింది.

“మా పౌడర్ ఫ్లో పెంచుతుందని చెప్పాం సార్. పెంచింది కదా. జాయింట్ల గురించి మేమేమీ చెప్పలేదే.”

ఆ మనిషి నోట హాజిరా విన్న మొదటి నిజం అదే. ముద్ద హాయిగా జారింది. అతుకూ జారింది. కరిగిన కొసల మధ్యకు ఆ మైనం చేరి కూర్చుంటే ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ ఎలా కలుస్తుంది? ఒక గుణం కోసం కలిపింది ఇంకో గుణాన్ని తినేస్తుందా లేదా అని అడగడం అతని వ్యాపారం కాదు. అది అడగవలసినవాడు ఫొటో దిగుతున్నాడు.

పైపులన్నీ వెనక్కి తీసుకుంటానని, బాలనాగమ్మ పల్లి నష్టం కట్టిస్తానని ఊరివాళ్ల ముందు ఒప్పుకున్నాకే ట్రాక్టర్ కదిలింది. సాయంత్రం విజయ్ తనే షెడ్డు దాకా నడిచి వచ్చాడు. క్షమించమని అనలేదు. అలాంటి మాటలు అతని సెమినార్లలో చెప్పినట్టు లేదు. ఇప్పుడేం చేద్దాం హాజిరాబీ అని మాత్రం అడిగాడు. సుద్ద బంద్, జారుడు పొడి బంద్, స్పీడు తగ్గించాలి, ఈరన్న జోలికి పోవద్దు అని ఆమె చెప్పింది. అన్నిటికీ తలూపాడు.

అంత చేసినా పైపు పూర్తిగా నున్నబడలేదు. గోదాం నిండా తెప్పించిన గట్టి గింజలు ఊరికే ఎక్కడికి పోతాయి? గరుకు తగ్గింది కానీ పోలేదు. అప్పుడు హాజిరాకు ఒక మనిషి గుర్తొచ్చింది. గుర్తు రావడం ఆమెకు ఇష్టం లేదు. మూడేళ్ల కిందట మానస అనే అమ్మాయి, నాగర్‌కర్నూల్ పిల్ల, ప్లాస్టిక్‌లో కలిపే మందుల కంపెనీ తరఫున ఒక డబ్బాడు గింజలు పట్టుకుని వచ్చింది. వేయికి ఒక పాలు కలిపితే చాలు, మూతి లోపలి గోడకు సన్నటి పొర పట్టి ముద్ద చిరగకుండా వస్తుందని చెప్పింది. హాజిరా పది నిమిషాలు నడిపించి చూసి, ఏమీ మారలేదని నలుగురిలో నవ్వి, చదువుకున్న పిల్లలకు అబద్ధాలు కూడా నేర్పుతారా అని ఆ అమ్మాయిని గేటు దాకా సాగనంపింది.

నంబరు వెతికి ఫోన్ చేసింది. తానెవరో చెప్పగానే మానస అందుకుంది.

“గంటన్నర ఆగాలె అని గప్పుడే చెప్పిన గదక్కా. మీరు పది నిమిషాలకే నవ్విన్రు.”

హాజిరా అవునంది. రేపొకసారి రమ్మని అడిగింది. శ్రవణ్ కుమార్ పావుగంటలో మహిమ చూపించాడు కాబట్టి విజయ్ నమ్మాడు. ఈ అమ్మాయి పది నిమిషాల్లో చూపించలేదు కాబట్టి తను నమ్మలేదు. విజయ్‌కూ తనకూ తేడా ఎక్కడుందో వెతికితే ఆమెకు పెద్దగా దొరకలేదు. విజయ్‌ని ఈసడించుకున్నంత తేలిగ్గా తనను తాను ఈసడించుకోవడం కుదరలేదు, అంతే.

మానస మర్నాడు బస్సులో వచ్చింది. పాత సంగతి ఎత్తలేదు, అలాగని నవ్వనూ లేదు. ముందు మూతి విప్పించి, పాత పొడి జిడ్డంతా గీకించింది. అది ఉంటే ఈ పొర పట్టదని, సుద్ద ఉంటే పట్టినా గీరుకుపోతుందని చెప్పింది. ఆ తర్వాత చిటికెడంత గింజలు కలిపించి మెషిన్ నడిపించింది. అరగంట ఏమీ జరగలేదు. విజయ్ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ముప్పావుగంటకు గరుకు పైపు మీద వేలెడంత నున్నటి చార ఒకటి కనిపించింది. ఆ పక్కన ఇంకోటి. చారలు మెల్లగా వెడల్పయ్యాయి. గంటన్నర దాటేసరికి చుట్టూ కలిసిపోయాయి. ముల్లు కూడా ఒక్కసారిగా కాక, ఒక్కో గీతే దిగింది. హాజిరా ముక్కలు కోసి తూచింది. అన్నీ ఒకే బరువుకు వచ్చాయి. అతికి వంచింది. పట్టింది. విజయ్ ఫోన్ పైకెత్తి ఫొటోకు సిద్ధపడితే, ముందు రిజిస్టర్ రాయనీయుండ్రి సేటు అని హాజిరా అడ్డం వచ్చింది.

వారం తర్వాత పాన్‌గల్‌లో కొత్త పైపు వేసిన రోజు హాజిరా ఈరన్నతో పాటు వెళ్లింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు. కురుమయ్య చేను సగం అప్పటికే ఎండింది. మిగిలిన సగం కోసమే ఈ తంటా. అతను హాజిరా వైపు ఒకసారి చూశాడు. ఎండలో మెరుస్తున్న పైపు వైపు చూసి, “పోయినసారి గూడ గిట్లనే మెరిసింది,” అన్నాడు.

మోటారు వేశారు. పైపులో నీళ్ల మోత మొదలైంది. కురుమయ్య బోరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అతుకు దగ్గరా కూర్చుని అరచేత్తో చుట్టూ తడిమి చూసుకుంటూ వెళ్లాడు. హాజిరా అతని వెనకే, కాలువ గట్టు మీద నడిచింది. వంద పైపుల దారి. అతను లేచినప్పుడల్లా తడి అంటిన చెయ్యి పంచెకు తుడుచుకుంటాడేమోనని చూసింది. ఎక్కడా తుడుచుకోలేదు.